పెద్దిరాజు మాస్టారి ఏనుగు

మా స్కూల్లో డ్రాయింగుకీ పాటలకీ కలిపి ఒకే మాస్టారు. పేరు పెద్దిరాజు. గీత గీస్తే వంకర, పాట ఎత్తుకుంటే అపశ్రుతి. ఇది నేను చాడీగా చెబుతున్న మాట కాదు, ఎవరడిగినా అతనే చెబుతాడు. అలాంటి మనిషికి ఆ ఉద్యోగం ఎలా వచ్చిందో, వచ్చింది ఎలా నిలబడిందో చెప్పాలంటే ముందు నా గురించి ఒక ముక్క చెప్పాలి. నా పేరు ఛాయాదేవి. ఢిల్లీని ఆనుకుని ఉన్న ఇందిరాపురంలో ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. ఒకటో తరగతి నుంచి ఐదు దాకా ప్రతి పిల్లకీ పిల్లాడికీ నేనంటే హడలు. అందుకు నాకు సిగ్గేమీ లేదు. లెక్కల టీచరంటే భయం లేకపోతే ఎక్కాలు ఎవరు నేర్చుకుంటారు?

పెద్దిరాజు కలెక్టరు కావాలని పాలకొల్లు నుంచి ఢిల్లీ వచ్చాడు. లక్ష్మీ నగర్‌లో, మంచం వేస్తే తలుపు సగమే తెరుచుకునే గదిలో ఉండి కోచింగ్ తీసుకున్నాడు. ప్రతి ఏడూ ప్రిలిమ్స్ దాటేవాడు, మెయిన్స్ దగ్గర ఆగిపోయేవాడు. ఒక్కసారి కూడా ఇంటర్వ్యూ మెట్టు ఎక్కలేదు. ఎక్కకపోయినా ఇంటర్వ్యూకి తయారవడం మాత్రం మానలేదు. పక్క గదుల వాళ్ళంతా మంచం మీద ఇంటర్వ్యూ బోర్డు మెంబర్లలా కూర్చుంటే ఇతను టై కట్టుకుని తలుపు తట్టి లోపలికి వచ్చేవాడట. అలా తలుపు తట్టగా తట్టగా వయసు దాటిపోయింది. ఊరికి వెళ్ళడానికి మొహం చెల్లక ఇక్కడే ట్యూషన్లు పట్టాడు. వైశాలి దాకా మెట్రో, అక్కణ్ణించి షేర్ ఆటో, అలా మా అబ్బాయి నిరంజన్‌కి సోషల్ చెప్పడానికి మా ఇంటికి వచ్చేవాడు. నన్ను అక్కా అని పిలిచేవాడు. మనిషి మంచివాడే. అయితే ఉప్పు అందించమని అడిగినా ఉప్పు సత్యాగ్రహంతో మొదలుపెట్టి గానీ అందించడు.

పోయిన టర్ములో మా డ్రాయింగు టీచరు భర్తకు పూనా బదిలీ అయి ఆవిడ వెళ్ళిపోయింది. ఆ పీరియడ్లు ఖాళీ పడ్డాయి. ఖాళీ పీరియడ్ కంటపడితే లెక్కల టీచరుకి నిద్ర పట్టదు. నేను నేరుగా ప్రిన్సిపాల్ బత్రా మేడమ్ దగ్గరికి వెళ్ళి, ఊరికే పోతున్నాయి కదా, నాకిచ్చేయండి అని అడిగాను. తనిఖీకి వచ్చేవాళ్ళు ఆర్ట్ టీచరేడని అడుగుతారు, మనిషి దొరక్కపోతే చూద్దాం అంది ఆవిడ.

ఈ సంగతి ఇంట్లో చెబుతుంటే పెద్దిరాజు విన్నాడు. "అక్కా, ఆ ఉద్యోగానికి నేను అప్లై చేత్తానండి. ఎందుకైనా మంచిదని మా నాన్న చేయించిన బి.ఎడ్. ఉంది కదండీ" అన్నాడు.

"బొమ్మలు వేయడం వచ్చా నీకు?"

"ఆర్ట్ అండ్ కల్చర్ నాకు కొట్టిన పిండండి. ఏ ఏడు ఏ ప్రశ్న వచ్చిందో కూడా చెప్తాను."

నాకు లోలోపల నవ్వొచ్చింది. ఎలాగూ రాదు, రాకపోతే పీరియడ్లు నావే అనుకుని, నేనే వెంటబెట్టుకుని తీసుకెళ్ళాను. అక్కడ బత్రా మేడమ్ "అప్నే బారే మే కుఛ్ బతాయియే" అంటూ అతని గురించి చెప్పమనడమే తరువాయి, ఏళ్ళ తరబడి ఆ మాట కోసమే ఎదురుచూస్తున్న మనిషి కదా, గుహల్లో ఆదిమానవుడి బొమ్మల దగ్గర ఎత్తుకుని గుడి గోపురాల మీదుగా మొగలు దర్బారుల్లోకి దిగి, కర్ణాటక సంగీతానికీ హిందుస్తానీకీ తేడా చెప్పి గానీ ఊపిరి పీల్చుకోలేదు. మేడమ్ టీ చల్లారి మీగడ కట్టింది. నోరున్నవాడిదే రాజ్యమని ఊరికే అనలేదు. ఏదీ, ఒక చెంబు బొమ్మ వేసి చూపించు నాయనా అని ఆవిడకీ తోచలేదు, నాకూ తోచలేదు. సోమవారం నుంచి వచ్చేయమంది. ప్రస్తుతానికి టెంపరరీ.

సోమవారం నుంచి రెండో తరగతి బి సెక్షన్ కష్టాలు మొదలయ్యాయి. పెద్దిరాజు బోర్డు మీద 'ఆలయ నిర్మాణ శైలులు మూడు' అని ఇంగ్లీషులో రాసి కింద గీత గీశాడు. ఆ గీత కూడా వంకరే. ఏడేళ్ళ పిల్లలు నాలుకలు బయటపెట్టి బుద్ధిగా ఎక్కించుకున్నారు. రంగుల డబ్బాలు బీరువాలో తాళం కింద ఉన్నాయి. వాటి జోలికి వెళ్ళడానికి అతనికి భయం. చెప్పేవి శ్రీరంగనీతులే గానీ క్రేయాన్ పట్టుకుని ఎరగడు.

కెరెన్ అని మన తెలుగు పిల్లే ఆ క్లాసులో ఉంది. వాళ్ళమ్మ జయశీలది చీరాల, ఘజియాబాద్‌లో ఒక ఆస్పత్రిలో నర్సు. ఒకరోజు గేటు దగ్గర నన్ను ఆపింది. "మేడమ్, అన్నం ముద్ద నోట్లో పెడతంటే నాగర శైలికీ ద్రావిడ శైలికీ తేడా చెప్పమంటందండీ మా పిల్ల. చెప్పకపోతే తిననంటంది. ఇంజెక్షన్ ఎక్కడ చెయ్యాలో చెప్తాను గానీ శిఖరాల సంగతి నాకేం తెలుసండీ."

బత్రా మేడమ్ దాకా ఇలాంటివి ఇంకొన్ని వెళ్ళాయి. ఆవిడ రౌండ్లకు వచ్చి చూస్తే గోడలు బోసిగా ఉన్నాయి. ఒక్క బొమ్మ లేదు, ఒక్క పాట లేదు. పెద్దిరాజుని నా ఎదుటే పిలిచి కుండ బద్దలు కొట్టినట్టు చెప్పింది. నెలాఖరు శనివారం తల్లిదండ్రులంతా క్లాసులకు వస్తారు. పిల్లలు తమ చేతులతో, తమ గొంతులతో ఏం నేర్చుకున్నారో ఆ రోజు చూపించాలి. చూపించలేకపోతే వచ్చే టర్ము నుంచి డ్రాయింగూ పాటా ఉండవు, ఆ పీరియడ్లు లెక్కలకు వెళతాయి, పెద్దిరాజు వేరే దారి చూసుకోవచ్చు. నాకు సంతోషమే కలిగింది, దాచుకోవడం ఎందుకు. భిన్నాలు మొదలుపెట్టడానికి ఇంకా టైము లేక నేను కొట్టుకుంటున్నాను మరి.

ఆ వారంలోనే ఒకరోజు నాకు స్టాఫ్ రూములో చోటు దొరక్క, దిద్దాల్సిన నోటుబుక్కులు పట్టుకుని అతని క్లాసులో వెనక బెంచీ మీద కూర్చున్నాను. ఆ పూట సంగీతం చెబుతున్నాడు. చెబుతున్నాడంటే, నోట్సు ఇస్తున్నాడు. ఏ స్వరం ఏ జంతువు గొంతులోంచి పుట్టిందో పెద్దలు చెప్పిన వరస. నెమలి షడ్జమం, ఎద్దు రిషభం, మేక గాంధారం, క్రౌంచ పక్షి మధ్యమం, కోయిల పంచమం, గుర్రం ధైవతం, ఏనుగు నిషాదం.

కెరెన్ చెయ్యెత్తింది. నేను ఆశ్చర్యపోయాను. నా క్లాసులో ఆ పిల్ల తల కూడా ఎత్తదు. ఏడూ ఐదూ ఎంత అంటే కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి, జవాబు తెలిసినా చెప్పదు.

"సర్, హాథీ కీ ఆవాజ్ నికాలో నా" అంది.

ఏనుగులా అరవమంటే పెద్దిరాజు గొంతు సవరించుకుని అరిచాడు. ఆటో హారన్ మోగినట్టుంది. పిల్లలు పకపకా నవ్వారు.

"అచ్ఛా, తో డ్రా కరో" అంది కెరెన్, ఇదైనా చేసి చూపించమన్నట్టు.

సుద్దముక్క తీసుకుని బోర్డు వైపు తిరిగాడు. కాసేపు గీశాడు. పక్కకు తప్పుకున్నాడు.

"సర్, యే తో ఆలూ హై" అన్నారు క్లాసంతా ఒక్క గొంతుతో.

నిజంగానే అది బంగాళాదుంప. చెరిపి మళ్ళీ వేశాడు. ఈసారి కాళ్ళున్న బంగాళాదుంప వచ్చింది. మొహం ఎర్రబడింది. ఇప్పుడు బల్ల మీద డస్టరు కొట్టి సైలెన్స్ అంటాడనుకున్నాను, నేనైతే అదే చేసేదాన్ని. పెద్దిరాజు సుద్దముక్క కింద పెట్టాడు. చొక్కా సర్దుకుని, నిటారుగా నిలబడి, చేతులు ముందు కట్టుకుని, కెరెన్ వైపు కొంచెం వంగి చిరునవ్వు నవ్వాడు.

"సారీ మేడమ్. ఐ యామ్ నాట్ అవేర్" అన్నాడు.

కోచింగ్ సెంటర్లలో నేర్పే మాట అది. ఇంటర్వ్యూ బోర్డు వాళ్ళు తెలియనిది అడిగితే డొంకతిరుగుడు పెట్టకుండా, నవ్వు మొహంతో తెలియదని ఒప్పుకోమంటారు. అద్దం ముందు అతను ఎన్నివేల సార్లు అనుకున్నాడో. ఆ మాట వాడే అవకాశం ఇన్నాళ్ళకు, ముందు పళ్ళు ఊడిన ఒక పిల్ల ముందు వచ్చింది.

కెరెన్ ఆ జవాబుని చాలా గంభీరంగా ఆలోచించింది. "కోయీ బాత్ నహీ సర్, మై సిఖా దూంగీ" అని, తనే నేర్పడానికి లేచి, బోర్డు అందక కుర్చీ ఎక్కింది. ఈ పెద్దమనిషి వెళ్ళి ఆ పిల్ల సీట్లో, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని, నోటుబుక్కు తీశాడు. ముందు పొట్ట వెయ్యాలట, ఎంత పెద్దదైనా పరవాలేదట, తర్వాత విసనకర్రంత చెవి. అతను వేసింది చూసి ఆ పిల్ల ఎర్ర పెన్సిల్ అడిగి తీసుకుని చెవి కొట్టేసి మళ్ళీ వేసింది. తాతకు దగ్గులు నేర్పడం గురించి విన్నాను గానీ, తాత శ్రద్ధగా నేర్చుకోవడం అప్పుడే చూశాను.

ఇక ఆ క్లాసు పట్టపగ్గాల్లేకుండా పోయింది. పెద్దిరాజుకు తెలిసిన పద్ధతి ఒక్కటే, పరీక్షలకు తయారయ్యే పద్ధతి. దాన్నే తిరగేశాడు. క్లాసుకి ముగ్గురు పిల్లలు బోర్డు మెంబర్లు. మాస్టారు ఏనుగు వేసి పట్టుకెళ్ళి నిలబడాలి. వాళ్ళు మార్కులు వేసి, ఎందుకు తగ్గించారో చెప్పాలి. చెప్పాలంటే వాళ్ళు ముందు వేసి చూపించాలి కదా, అందుకని బీరువా తాళం తీయక తప్పలేదు. ఏనుగు మోకాలు ఎటు వంగుతుందని రెండు వర్గాలుగా విడిపోయి కొట్టుకున్నారు. ఒక పిల్లాడు ఇంట్లో తాతగారిని నేల మీద ఏనుగులా నడిపించి చూసి వచ్చాడు. ఎవరూ నోట్సు రాసుకోవడం లేదు, అందరికీ అన్నీ తెలుస్తున్నాయి.

పాట సంగతీ అంతే. నెమలి జట్టు ఒక మూల, మేకల జట్టు ఒక మూల. నెమలి దగ్గర మొదలై ఏనుగు దాకా ఎక్కడం, మళ్ళీ దిగడం. మాస్టారి శ్రుతి తప్పితే కోయిల జట్టు వేలు చూపించి ఆపేసేది. కెరెన్ చర్చిలో పాడే పిల్ల కాబట్టి అందరికీ ఆధార శ్రుతి తనే పట్టుకునేది. పక్కగదిలో నా మూడో తరగతికి కూడికలు ఎక్కడం మానేశాయి. ఓర్చుకోలేక ఒకరోజు వెళ్ళి తలుపు దగ్గర నిలబడ్డాను.

"ఏమయ్యా, ఇది స్కూలా, జూ పార్కా?"

"ఆయ్, రెండూనండి" అన్నాడు పెద్దిరాజు, నవ్వుతూ.

నవ్వు సరే, విద్య మాత్రం పెద్దగా అబ్బలేదు. నెలాఖరు దగ్గరపడేసరికి అతని ఏనుగు బంగాళాదుంప నుంచి వంకాయ దాకా వచ్చి ఆగింది. ముచ్చిక ఉన్నచోట తొండం.

శుక్రవారం మధ్యాహ్నం బత్రా మేడమ్ గోడలు చూడ్డానికి వచ్చి నిర్ఘాంతపోయింది. ఒకవైపు పిల్లల ఏనుగులు, ఒక్కోటీ ఒక్కో తీరు, ఒకటి ఊదారంగు కూడా. ఇంకోవైపు మాస్టారి ఏనుగులు, వాటి నిండా ఎర్ర గీతలు, మార్కులు. టీచరుకే బొమ్మ రాదని తల్లిదండ్రులు అనుకోరా అంది హిందీలో. "సచ్ తో యహీ హై మేమ్" అని నిజం ఒప్పుకున్నాడు పెద్దిరాజు వినయంగా. అవన్నీ తీసేయమంది. పాత టీచరు చేసినట్టు, నీటుగా తనే బొమ్మ గీసిచ్చి పిల్లల చేత రంగులు వేయించమంది. అందరూ చేసే పనే అది. ఎగ్జిబిషన్లలో మీరు చూసే బొమ్మల్లో సగం టీచర్లవి, మిగతా సగం తల్లులవి. కానీ ఇక్కడ చిక్కేమిటంటే, మోసం చేద్దామన్నా ఇతనికి బొమ్మ రాదు. ఆవిడకీ ఆ సంగతి గుర్తొచ్చి, రేపు నీ అదృష్టం అని వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం పెద్దిరాజు నాతో ఆటో దాకా నడిచాడు. "పోతే పోయిందండి ఉద్యోగం. ఈ పిల్లల్ని వదిలిపెట్టాలంటేనే ఎలాగో ఉందక్కా" అన్నాడు. నేను ఆటో ఎక్కేశాను.

శనివారం తల్లిదండ్రులు వచ్చారు. జయశీల డ్యూటీ దిగి యూనిఫామ్‌లోనే వచ్చింది. గురుగ్రామ్‌లో పెద్ద ఉద్యోగం చేసే రాజీవ్ అని ఒకాయన, చెవికి ఫోను అంటించుకునే వచ్చాడు. గోడలు చూసి, ఫోను కొంచెం పక్కకి తీసి, "దీనివల్ల మా అమ్మాయికి వచ్చే లాభమేమిటి సర్, అవుట్‌పుట్ ఏది?" అని ఇంగ్లీషులో అడిగాడు. బత్రా మేడమ్ పెద్దిరాజు వైపు చూసింది.

ఆ ప్రశ్నకి పెద్దిరాజు దగ్గర ప్రవేశిక, విషయం, ముగింపు అన్నీ సిద్ధంగా ఉన్నాయని నాకు తెలుసు. "దీన్ని మూడు కోణాల్లో చూడాలి సర్" అని మొదలుపెట్టాడు కూడా. ఈలోగా బోర్డు మెంబర్లు వచ్చి రాజీవ్ చెయ్యి పట్టుకుని చిన్నకుర్చీలో కూలేశారు. కాగితం ముందు పెట్టి ఏనుగు వెయ్యమన్నారు.

ఆయన నాకు రాదన్నాడు. అలా కాదట, చేతులు కట్టుకుని 'ఐ యామ్ నాట్ అవేర్' అని చెప్పాలట. అప్పుడే నేర్పుతారట. అంత పెద్దమనిషీ చుట్టూ చూసి, నవ్వు ఆపుకుంటూ ఆ మాట అన్నాడు. ఫోను బోర్లా పెట్టాడు. తర్వాత ఇంకో తండ్రి, ఒక నాయనమ్మ, జయశీల, ఒక్కొక్కరే ఆ మాట చెప్పుకుని కూర్చున్నారు. పిట్ట కొంచెం కూత ఘనం అన్నట్టు, ఏడేళ్ళ పిల్లలు వాళ్ళ మధ్య తిరుగుతూ పొట్ట పెద్దది చేయమనీ కాలు తేలిపోతోందనీ దిద్దుతున్నారు. కాసేపటికి ఏ మూలనుంచో నెమలి కూసింది. తండ్రులు మేకలయ్యారు, తల్లులు కోయిలలయ్యారు, చివర్న రాజీవ్ ఏనుగై ఘీంకరించాడు. ఆ గోలలోనే, కెరెన్ పట్టిన ఆధారం మీద, ఏడు స్వరాలూ ఒకదాని మీద ఒకటి ఎక్కడం నేను చెవులారా విన్నాను.

ఎవరో నా చీర చెంగు లాగారు. కెరెన్. "మేమ్, ఆప్ భీ" అంది. నేనూ వెయ్యాలట. నాకు పనుందన్నాను. ఆ పిల్ల కాగితం పట్టుకుని కదలకుండా నిలబడింది. సరే అని స్కేలు తీసుకుని వేశాను. పొట్ట వృత్తం, కాళ్ళు దీర్ఘచతురస్రాలు, నాలుగూ ఒకే కొలత. కెరెన్ చాలాసేపు చూసి పదికి నాలుగు వేసింది.

"ఏం తక్కువైంది? నాలుగు కాళ్ళూ రెండు చెవులూ తోకా తొండం అన్నీ లెక్క ప్రకారం ఉన్నాయిగా?" అని పోట్లాడాను.

"సబ్ హై మేమ్, పర్ జిందా నహీ హై" అంది. అన్నీ ఉన్నాయట, ప్రాణమే లేదట.

నేను స్కేలు పక్కన పెట్టాను. పెన్సిల్ పట్టుకుంటే, నిజం చెబుతున్నాను, చెయ్యి ముందుకు పోలేదు. కెరెన్ తన చిన్న చెయ్యి నా మణికట్టు మీద వేసింది. "డరో మత్ మేమ్. గలత్ హువా తో ఫిర్ సే బనాయేంగే" అంది. భయపడొద్దట, తప్పయితే మళ్ళీ వేసుకుందామట. ఆ పిల్ల నాకు ధైర్యం చెబుతోంది. ఇద్దరం కలిసి తొండం వేశాం, వంకరగా, పైకెత్తి.

అందరూ వెళ్ళడానికి చాలాసేపు పట్టింది. బత్రా మేడమ్ నన్నూ పెద్దిరాజునీ పక్కకి పిలిచింది. వాళ్ళకి సరదాగా గడిచిన మాట నిజమే, కానీ పరీక్షల్లో మార్కులు తగ్గితే ఇదే తల్లిదండ్రులు వచ్చి తననే నిలదీస్తారని ఆవిడ భయం. "ఛాయాజీ, ఈ పీరియడ్ల కోసం మీరు మొదట్నుంచీ అడుగుతున్నారు. కావాలంటే ఇచ్చేస్తాను. మీరే చెప్పండి" అంది.

పెద్దిరాజు నేలచూపులు చూస్తున్నాడు.

"నాకొద్దు" అన్నాను.

"మీ సిలబస్?"

"నేను చూసుకుంటాను మేడమ్. నా క్లాసులో తల ఎత్తని పిల్ల ఇక్కడ నా చెయ్యి పట్టుకుని నడిపించింది. ఆ ధైర్యం ఈ గదిలో తయారవుతోంది. అది లేకుండా ఇంకో రెండు పీరియడ్లు ఎక్కాలు చెప్పి నేనేం చేసుకోను?"

బత్రా మేడమ్ నన్ను ఎగాదిగా చూసింది. ఆ మాట నా నోటి నుంచి వస్తుందని ఆవిడ అనుకోలేదు. "ఠీక్ హై" అంది చివరికి. పెద్దిరాజు ఉద్యోగం సోమవారం నుంచి పర్మనెంటు.

ఆవిడ వెళ్ళాక అతను వరండాలోకి వచ్చి పాలకొల్లులో ఉన్న వాళ్ళమ్మకి ఫోన్ చేశాడు. ఖాయమయ్యేదాకా ఆవిడకి చెప్పలేదట. కంగారులో స్పీకర్ నొక్కుకుపోయింది.

"అమ్మా, ఉద్యోగం వచ్చిందే."

అటువైపు నుంచి ఏడుపూ నవ్వూ కలిసిన గొంతుతో ఆవిడ అడిగింది. "ఏ జిల్లా ఇచ్చార్రా నాయనా?"

పెద్దిరాజు నా వైపు చూసి, కళ్ళు తుడుచుకున్నాడు. "రెండో తరగతి ఇచ్చారే. బి సెక్షన్."

నేను ఇంకో అడుగు దగ్గరికి జరిగాను.

"పిల్లలు నీ మాట వింటన్నారా?"

"లేదే. నేనే ఆళ్ళ మాట వింటన్నాను."

"పోన్లేరా" అంది ఆవిడ. "ఇన్నాళ్ళకి ఎవరి మాటో ఒకరిది విన్నావు."